ఓరుగల్లు మేడమీద పాతాళగుహ

కిందటి వేసవిలో ఓ శనివారం రాత్రి, హన్మకొండలో మా మేడమీద ఒక వీరనారి చచ్చిపోయింది. చంపింది నేనే!

కంగారుపడకండి. పోలీసులు రాలేదు, పేపర్లోనూ పడలేదు. చచ్చిపోయింది కాగితం మీది మనిషి. కాకపోతే ఆ మనిషిని నాలుగు నెలలపాటు ప్రాణంలా చూసుకున్న అమ్మాయి మాత్రం నిజం మనిషే. ఆ రాత్రి ఆమె నన్ను ఒక ప్రశ్న అడిగింది. దానికి నా దగ్గర జవాబు లేకపోయింది. ఆ జవాబు వెతుక్కుంటూ 'పాతాళ భైరవి' దాకా, కాకతీయుల కోట దాకా వెళ్ళాను. ఆ కథే ఇది.

దర్శకుడున్నాడు, స్క్రిప్టు లేదు!

మా అక్క కొడుకు ఇంజనీరింగు చదువుతున్నాడు. శనివారం వచ్చిందంటే చాలు, వాడూ వాడి స్నేహితులూ మా మేడమీద చాప పరుచుకుని కూర్చుంటారు. పేకాట కాదు, క్యారమ్స్ కాదు. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' అని ఓ ఆట తెచ్చారు. ఆ కుటుంబానికి చెందిన ఆట.

సినిమా భాషలో చెబితే మీకు ఇట్టే తెలిసిపోతుంది. ఒకడు కథ నడుపుతాడు. వాడే దర్శకుడు, వాడే విలను, వానా గాలీ కూడా వాడే. మిగతావాళ్ళు తలా ఒక పాత్ర పట్టుకుంటారు... ఒకడు మాంత్రికుడు, ఒకడు దొంగ, ఒకామె దండనాయకురాలు. "మీ ముందు ఓ గుహ ఉంది, ఏం చేస్తారు?" అంటాడు దర్శకుడు. ఏం చేసేదీ ఆటగాళ్ళే చెప్పాలి. కష్టమైన పని తలపెడితే ఇరవై ముఖాల పాచిక వేస్తారు. పెద్ద అంకె పడితే గెలుపు, చిన్నదైతే గోవిందా! దర్శకుడున్నాడు, నటులున్నారు, స్క్రిప్టు మాత్రం లేదన్నమాట. హీరో బతుకుతాడా లేదా అనేది ఎవరికీ ముందు తెలియదు.

ఓ రోజు మా అల్లుడు నా పక్కన చేరాడు.

"మామా, నువ్వు చిన్నప్పుడు విఠలాచార్య పిక్చర్లన్ని చూసినవు గద! మాకో సమాధి గుహ కావాలె. ఉచ్చులుండాలె, శాపాలుండాలె. రాసియ్యరాదు?"

నన్నడిగితే ఊరుకుంటానా! 1978లో 'జగన్మోహిని' వచ్చినప్పుడు నాకు పన్నెండేళ్ళు. కాళ్ళు పొయ్యిలో పెట్టి వంట చేసిన దెయ్యాన్ని చూసి వారం రోజులు మా వంటింట్లోకి అడుగుపెట్టలేదు. అంతటి అనుభవం ఉన్నవాణ్ణి! రాత్రికి రాత్రి నాలుగు పేజీలు రాసి పారేశాను. తెరిచి ఉన్న రాతి తలుపు... లోపల బంగారు వెలుగు... గడప దాటి అడుగు పెట్టారో, నేల రెండుగా చీలుతుంది. కింద ఈటెలు. అంతే! చదువుకుని నాకు నేనే చప్పట్లు కొట్టుకున్నాను.

శనివారం వచ్చింది. ఆట మొదలైంది. మా పక్కింటి అమ్మాయి, డిగ్రీ రెండో సంవత్సరం, తన దండనాయకురాలితో అందరికంటే ముందు గడప దాటింది. మా అల్లుడు నేను రాసింది చదివాడు. పాచిక కూడా వేయనివ్వలేదు. అలా రాశాను మరి!

మేడమీద ఎవరూ మాట్లాడలేదు. ఆ అమ్మాయి నా వైపు తిరిగింది.

"అంకుల్, నేనేం చేసుంటే బతికేదాన్ని?"

నోరు తెరిచాను. మాట రాలేదు. "విధి అట్లుంది బిడ్డా" అన్నాను చివరికి. ఆమె కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, మా ఆవిడకు చెప్పి ఇంటికి వెళ్ళిపోయింది. మరుసటి శనివారం రాలేదు. ఆ మరుసటి శనివారమూ రాలేదు.

గైగాక్స్ గారి గుహ

"పరేషాన్ గాకు మామా. ఈ ఆట కనిపెట్టిన గైగాక్సే గిసొంటి గుహ రాసిండు" అని మా అల్లుడు నాకో కథ చెప్పాడు.

గైగాక్స్ దగ్గర ఆడేవాళ్ళు ఆరితేరిపోయారట. ఏ రాక్షసుణ్ణి పెట్టినా నరికేస్తున్నారు. వీళ్ళ పొగరు అణచాలని ఆయన 'టూంబ్ ఆఫ్ హారర్స్' అని ఓ సమాధి తయారుచేశాడు. 1975లో ఆరిజిన్స్ అనే ఆటల సమ్మేళనంలో దాన్ని పోటీగా పెట్టారు. 1978లో పుస్తకంగా అచ్చయింది. లోపలికి మూడు దారులు, అందులో రెండు మోసం. ఓ గోడ మీద నోరు తెరుచుకున్న పచ్చటి దెయ్యం ముఖం ఉంటుంది. నోట్లో చిమ్మచీకటి. అదేదో దారి అనుకుని దూరినవాడు మరి లేడు. బూడిద కూడా మిగలదు!

"చూశావా, ఆయనా నాలాగే చంపాడు" అన్నాను ఊరట పొంది.

"లేదు మామా. ఆ గుహ నేలమీద మొదట్లనే ఓ పొడుపుకథ లాంటి పద్యం రాసుంటది. ఏడ జాగ్రత్తగుండాలె, ఏది ముట్టుకోవద్దు... సూచనలన్ని దాంట్లనే ఉంటయి. చదివినోడు చదువుకుంటడు. నువ్వు ఏం రాసినవు?"

నేనేం రాశాను? ఏమీ రాయలేదు. గైగాక్స్ గారిది కఠినమైన పరీక్ష. నాది పరీక్షే కాదు, వట్టి హత్య!

మొసలి చెప్పిన రహస్యం

ఆ రాత్రి నిద్ర పట్టక 'పాతాళ భైరవి' పెట్టుకుని చూశాను. 1951లో విజయా వారు తీసిన చిత్రం. కె.వి.రెడ్డి దర్శకత్వం, మార్కస్ బార్ట్‌లే ఛాయాగ్రహణం, తోటరాముడుగా రామారావు, నేపాళ మాంత్రికుడుగా ఎస్వీ రంగారావు. ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. కానీ ఈసారి ప్రేక్షకుడిలా కాదు, నేరం చేసినవాడిలా చూశాను.

మాంత్రికుడు పన్నిన ఉచ్చు ఎంత గొప్పదో గమనించారా? అమ్మవారికి బలి ఇవ్వడానికి సాహసవంతుడైన యువకుడు కావాలి. రాముడికేమో రాకుమారి కావాలి, అందుకు ధనం కావాలి. వాడి ఆశనే ఎరగా వేసి గుహ దాకా నడిపించుకొచ్చాడు. బలికి ముందు కొలనులో స్నానం చెయ్యమంటాడు. అక్కడ మొసలి పడుతుంది. రాముడు దాన్ని జయించగానే అది శాపం తీరి దేవకన్య అవుతుంది. మాంత్రికుడి కుట్రంతా ఆమే చెప్పేస్తుంది! ఆ తర్వాత అమ్మవారి ముందు ఎవరి తల తెగిందో మీకు తెలుసు.

చూశారా చమత్కారం! రాముడు అదృష్టం కొద్దీ బతకలేదు. మొసలితో తలపడే ధైర్యం ఉంది కాబట్టి రహస్యం తెలిసింది. తెలిసింది కాబట్టి ఉచ్చు తిరగబడింది. ఉచ్చు లోపలే దాని తాళంచెవి ఉంది. ఆ తాళంచెవి లేకపోతే 'పాతాళ భైరవి' మధ్యలోనే అయిపోయేది, ప్రేక్షకులు కుర్చీలు విరిచేవాళ్ళు!

ఇంకో సంగతి. అన్ని ఉచ్చులూ చంపక్కర్లేదు. 1957 నాటి 'మాయాబజార్'లో సత్యపీఠం గుర్తుందా? దానిమీద నిలబడినవాడు నిజం కక్కాల్సిందే. శకుని అంతటివాడు దానిమీద కాలుపెట్టి కడుపులో ఉన్నదంతా వెళ్ళగక్కాడు. ఒక్క చుక్క నెత్తురు చిందలేదు. ఈటెల గుంటకంటే ఆ పీఠమే శకునికి ఎక్కువ నష్టం చేసింది!

కోట దర్వాజా దగ్గర పాఠం

తెల్లారి పక్కింటికి వెళ్ళి ఆ అమ్మాయితో, "తప్పు నాదే బిడ్డా. ఆటకు రాకున్నా మంచిదే, కోట దాకా రా. నీ ప్రశ్నకు జవాబు అక్కడ ఉందేమో చూద్దాం" అన్నాను. అనుమానంగా చూసింది గానీ, వచ్చింది. మా అల్లుడూ నోటుబుక్కు పట్టుకుని వెంట బయల్దేరాడు.

వరంగల్ కోటను మీలో చాలామంది చూసే ఉంటారు. గణపతిదేవుడు మొదలుపెట్టాడు, రుద్రమదేవి పటిష్ఠం చేసింది. లోపల రాతికోట, దాని చుట్టూ కందకం, ఆ పైన మట్టికోట. మనం కీర్తితోరణాల దగ్గర ఫోటోలు దిగి వచ్చేస్తాం. దర్వాజాలను ఎవరూ పట్టించుకోరు. కానీ అసలు తెలివంతా అక్కడే ఉంది.

రాతికోట దర్వాజాలోంచి తిన్నగా లోపలికి పోలేరు. దూరగానే ఎదురుగా గోడ. పక్కకు తిరగాలి. మళ్ళీ తిరగాలి. ఏనుగునో గుర్రాన్నో పరుగెత్తించుకొచ్చే శత్రువు ఆ మలుపులో ఆగిపోవాల్సిందే. ఆగినవాడి నెత్తిన గోడల మీది సైనికులుంటారు. లోపలి వైపేమో మన సైనికులు పైకెక్కడానికి మెట్లు! కూరగాయల గంప నెత్తిన పెట్టుకుని నింపాదిగా నడిచొచ్చే ఊరివాళ్ళకు ఆ మలుపు ఒక మలుపే. దూకుడుగా వచ్చేవాడికే అది ఉచ్చు.

"అంటే గోడ ఎవర్నీ చంపది. వాళ్ళ తొందరే వాళ్ళను చంపుతది" అంది అమ్మాయి.

మా అల్లుడు గబగబా రాసుకున్నాడు.

ఇంత కట్టుదిట్టం చేసినా 1323లో ఉలుగ్ ఖాన్ సైన్యం ముట్టడికి ఈ కోట లొంగిపోయింది, ప్రతాపరుద్రుడు బందీ అయ్యాడు. ఏ ఉచ్చూ శాశ్వతం కాదు. ఏడు వందల ఏళ్ళ తర్వాత కూడా మనకు పాఠం చెబుతోందంటే అది దాని గొప్పతనం.

తిరిగొస్తూ వేయిస్తంభాల గుడి దగ్గర ఆగాం. ఆ గుడి నుంచి కోటకు సొరంగం ఉందని చిన్నప్పుడు ప్రతి ముసలమ్మా చెప్పేది. సొరంగం సంగతి అటుంచితే, అమ్మాయి ఒక మెట్టు దగ్గర నిలబడిపోయింది. "అంకుల్, ఈ రాయి నడిమిట్ల అరిగింది, అంచులకు అరగలే. ఎన్ని వందలేండ్లు ఎంతమంది నడిచిన్రో! మన గుహల గూడ గిట్ల అరిగిన రాయి పెడితే?"

నా ఒళ్ళు జలదరించింది. సమాధిలో రోజూ దీపం పెట్టే మనిషి ఒకడుండేవాడు అనుకోండి. వాడు ఎక్కడ అడుగు వేశాడో ఆ రాళ్ళు అరుగుతాయి. అరగని రాయి మీద వాడెందుకు కాలు పెట్టలేదు? ఆ ప్రశ్న వేసుకున్నవాడు బతుకుతాడు. నాకు చేతకాని జవాబు ఆ పిల్లే కనిపెట్టింది!

శాపం అంటే షరతు

ఇక శాపాల సంగతి. మేం ముగ్గురం ఇరానీ చాయ్ ముందు కూర్చుని లెక్క వేశాం. మన కథల్లో ఊరికే పడే శాపం దాదాపు లేదు. దానికి మూడు భాగాలు. ఏం చేస్తే తగులుతుంది? తగిలితే ఏమవుతుంది? ఎలా పోతుంది? మూడోది లేకపోతే అది శాపం కాదు, వట్టి తిట్టు!

'గులేబకావళి కథ'నే తీసుకోండి, 1962 చిత్రం. కొడుకును చూస్తే తండ్రికి చూపు పోతుంది. పోయింది. కానీ ఎక్కడో ఒక పువ్వు ఉంది. ఆ పువ్వు ఉంది కాబట్టే కథ నడిచింది. చందమామలో భేతాళుడు విక్రమార్కుడికి పెట్టిన షరతు మరీ గడుసుది. జవాబు తెలిసీ చెప్పకపోతే తల పగులుతుంది, నోరు విప్పితే మౌనం చెడి శవం చెట్టెక్కుతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి! అయినా అందులో అన్యాయం లేదు. రెండు షరతులూ రాజుకు ముందే తెలుసు.

మన శాసనాలు రాసినవాళ్ళూ ఈ విద్యలో తక్కువవాళ్ళు కారు. గుడికో చెరువుకో భూమి దానం చేసి రాయి మీద చెక్కించేవాళ్ళు. చివర శాపం. దానమిచ్చిన భూమిని కాజేసినవాడు అరవై వేల ఏళ్ళు అశుద్ధంలో పురుగై పుడతాడని! ఆలోచించండి. ఆ రోజుల్లో పొలానికి కాపలా పోలీసు లేడు. రాయే పోలీసు. శాపాన్ని దాచిపెట్టలేదు, అందరికీ కనబడేట్టు చెక్కారు. దాని పని శిక్షించడం కాదు, ఆపడం.

2009లో వచ్చిన 'అరుంధతి' గుర్తుందా? అందులో పశుపతి సమాధికి వేసిన బంధనాలు దొంగలు లోపలికి పోకుండా వేసినవి కావు. లోపలివాడు బయటికి రాకుండా వేసినవి! ఉచ్చు పన్నేవాడు ముందు అడగాల్సిన ప్రశ్న అదే... ఇది ఎవరు పెట్టారు, ఎవరి కోసం పెట్టారు?

దొంగ ఎవరు?

అక్కడ అమ్మాయి ఇంకో బాంబు వేసింది.

"అంకుల్, ఆటల మేం చేసేది ఏంది? పాత సమాధిల దూరి బంగారం ఎత్తుకపోవుడు. గుప్తనిధులని గుళ్ళు తవ్వేటోళ్ళు గూడ అదే చేస్తున్నరు గద?"

చాయ్ చల్లారిపోయింది. నిజమే! మన ప్రాంతంలో పాత గుడి కనబడితే చాలు, రాత్రికి రాత్రి లింగాన్ని పెకిలించడం, నంది కింద గొయ్యి తవ్వడం... ఇలాంటి వార్తలు పేపర్లో చదువుతూనే ఉంటాం. దొరికేది ఏమీ ఉండదు, శిల్పం మాత్రం ముక్కలవుతుంది. భూమిలో దొరికిన నిధి పది రూపాయల విలువ దాటితే కలెక్టరుకు తెలపాలని 1878లోనే చట్టం చేశారు. చట్టం ఒకవైపు, గడ్డపార ఒకవైపు!

"అయితే ఆట బంద్ చేద్దామా?" అన్నాడు మా అల్లుడు, ముఖం వేలాడేసి.

"బంద్ ఎందుకు? బంగారం ఎవరిదో చెప్పే గుహ రాద్దాం" అంది ఆమె.

కొత్త గుహ

ముగ్గురం కలిసి రాశాం. ఆట మా అల్లుడు నడుపుతాడు కాబట్టి చివరి గది సంగతి మాత్రం ఆమెకు తెలియనివ్వలేదు.

పాకాల, రామప్ప, లక్నవరం... కాకతీయుల కాలం అంటే చెరువుల కాలం. అందుకే మా సమాధి రాజుది కాదు, చెరువు తవ్వించిన ఓ దండనాయకుడిది. ఆయన పోతూ పోతూ, ఎప్పుడైనా చెరువుకు గండిపడితే పూడ్చడానికని కొంత బంగారం తన సమాధిలో పెట్టించాడు. వాకిట్లో శాసనం ఉంది, నాచు పట్టి. తుడిస్తేనే కనబడుతుంది. ఆ బంగారాన్ని చెరువుకు కాక సొంతానికి వాడుకున్నవాడికి ఎన్ని నీళ్ళు తాగినా దాహం తీరదు. విమోచనం? తిన్నది కక్కి, గండి పూడ్చే పనిలో తట్ట మోయాలి. అంతే!

లోపలికి మూడు మలుపులు. పరుగెత్తేవాడికి మోకాలు లోతు బురద గుంట, చావు లేదు, నవ్వులపాటు ఉంది. ఆ తర్వాత అరిగిన రాళ్ళూ అరగని రాళ్ళూ. చివరి గదిలో ఒక పీట రాయి, దానిమీద బంగారం పెట్టె. పెట్టె బరువుకే రాతి తలుపు పైకి లేచి ఉంటుంది. పెట్టె ఎత్తితే కప్పు సందుల్లోంచి ఇసుక రాలుతుంది, తలుపు దిగడం మొదలవుతుంది. పెట్టె తిరిగి పెట్టేస్తే అందరూ క్షేమం. లేదా ఒక మనిషి ఆ రాయి మీద నిలబడాలి. ఆ మాట శాసనంలో చివరి వరుసలో ఉంది. "ఒకరు నిలిస్తేనే పదిమందికి దారి."

మళ్ళీ శనివారం

ఆమె వచ్చింది. మడతలు పెట్టిన ఆ పాత కాగితం చాప మీద పెట్టి, పక్కన కొత్త కాగితం పెట్టింది. "దండనాయకురాలు చచ్చిపోయింది, మళ్ళ బతికించొద్దు. ఈమె వాళ్ళ చెల్లె" అంది.

ఈసారి కథలో వాళ్ళ ఊరి చెరువుకు గండి పడింది. వానాకాలానికి ఇంకా నెల ఉంది. బంగారం కావాలి, దొంగతనానికి కాదు.

దొంగ పాత్ర వేసే కుర్రాడు పరుగెత్తి బురదలో పడ్డాడు. అందరూ పడీపడీ నవ్వారు. చెల్లెలు మాత్రం ముందు శాసనం తుడిచింది. అరిగిన రాళ్ళు చూసి అందర్నీ వరసగా నడిపించింది. చివరి గది... పెట్టె... ఎత్తారు. ఇసుక రాలింది. తలుపు దిగుతోంది.

"బయటికి పోయి ఓ బండ తెస్తే?" అన్నాడు ఒకడు.

"తెచ్చేలోపు ఇసుక నిండుతది" అన్నాడు మా అల్లుడు. వాడి గొంతు కూడా వణికింది.

"పెట్టె మళ్ళ పెట్టేద్దాం" అన్నాడు దొంగ. ఆ మాట అన్నది దొంగ సుమా!

ఆమె ఒక్క క్షణం ఆలోచించింది. "నేను రాయి మీద నిలబడ్డ. మీరు పెట్టె పట్టుకపోండ్రి" అంది.

పాచిక వేయలేదు. అక్కర్లేకపోయింది. ఒక్కొక్కరే తలుపు దాటారు. చివరివాడు దాటాక ఇసుక నడుము దాకా వచ్చిందని మా అల్లుడు చెప్పాడు. ఆ పైన చెప్పలేకపోయాడు. బురదలో పడ్డ కుర్రాడు కళ్ళు తుడుచుకున్నాడు. నేను మా ఆవిడ చూడకుండా అటు తిరిగాను.

ఆమె మాత్రం నవ్వుతోంది. కొత్త కాగితాన్ని పాత కాగితం మీద పెట్టి, రెండూ కలిపి జాగ్రత్తగా పుస్తకంలో దాచుకుంది. మెట్లు దిగబోతూ ఆగి, నా వైపు చూసింది.

"అంకుల్, ఈసారి నేనేం చేసుంటే బతికేదాన్నో నాకు ఎరుకే. బంగారం వదిలేస్తే బతికేదాన్ని."

"మరి?"

"మరి చెరువో?" అంది.

వచ్చే శనివారం చెరువు గండి పూడ్చే ఘట్టం. మూడో కాగితం అప్పుడే మొదలుపెట్టిందట. నన్ను కూడా తట్ట మొయ్యడానికి రమ్మన్నారు, శాపం నాకూ తగిలిందని వాళ్ళ తీర్పు. కాదనడానికి నోరు లేదు. మొదటి గుహ రాసింది నేనే కదా!